పెరటి కోళ్ళ నిత్యపోషణ
(మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల రైతులకు)

పడమటి మండలములలో పెరడున్న ప్రతి యింటను నాలుగు కోళ్ళు తిరుగుచుండును. తెల్లవారుజామున ఇల్లాలు గంప యెత్తి వానిని విడుచును, గుప్పెడు రాగులు చల్లును, ప్రొద్దు గ్రుంకగనే మరల మూయును. ఇంతకు మించి వానికి ఎవరును ఏమియు చేయరు. అయినను చుట్టము వచ్చిన దినమున సంగటిలోనికి పులుసును, బడి తెరచిన దినమున పిల్లల పుస్తకములకు డబ్బును ఆ గంప క్రిందినుండియే వచ్చుచుండును. ఏమియు చేయకయే ఇంత వచ్చుచుండగా, కొంచెము చేసినచో ఎంత వచ్చునో చెప్పుటకే ఈ వ్యాసము.

ముందుగా ఒక మాట. నేను సేద్యశాస్త్రము బోధించువాడను గాని పశువైద్యుడను కాను. పుంగనూరు దాపున ఒక పల్లెలో మా యింటి పెరటికోళ్ళ నడుమ పెరిగినవాడను. వైద్యమునకు సంబంధించిన సంగతులలో మీ పశువైద్యశాల వారి మాటయే తుదిమాట. మరియొక మాట: కోళ్ళ పనియు, కోళ్ళ లెక్కయు మన యిండ్లలో ఆడవారివి. కావున దీనిని చదువు రైతు సోదరుడు ఇంటిలో చదివి వినిపింపవలెను. వారే చదువుకొనినచో మరియు మంచిది.

ఏ జాతి కోళ్ళు?

మన నాటుపెట్ట ఏడాదికి అరువది గ్రుడ్లకు అటు ఇటుగా పెట్టును. ఇది తక్కువయని అందరును అనెదరు. కాని దాని కాలము ఎట్లు గడచుచున్నదో లెక్క వేసి చూడుడు. రెండు మూడు వారములు గ్రుడ్లు పెట్టును; 21 దినములు పొదుగును; ఆ తరువాత రెండు నెలలకు పైగా పిల్లలను వెంటబెట్టుకొని తిరుగును. ఇట్లు ఒక విడతకు మూడున్నర, నాలుగు నెలలు పట్టును. ఏడాదికి మూడు విడతలు కాక నాలుగెట్లగును? పిల్లలను నాలుగైదు వారములకే తల్లినుండి వేరుచేసి, వేరొక గంప క్రింద మేపినచో ఆ పెట్ట త్వరగా మరల గ్రుడ్లకు వచ్చును. పైసా ఖర్చు లేని మార్పు ఇది. తల్లి అరచునని జాలిపడి చాలమంది చేయరు.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ళ పరిశోధనా సంస్థవారు పెరటి పెంపకము కొరకే వనరాజా, గ్రామప్రియ అను రకములను తయారుచేసిరి. గ్రామప్రియ గ్రుడ్లకు పేరుపొందినది. వనరాజా మాంసమునకును గ్రుడ్లకును పనికివచ్చును, పెరటిలో నూరుకు పైగా గ్రుడ్లు పెట్టును. కుప్పము వారికి సరిహద్దు అవతలనుండి, బెంగుళూరులో రూపొందిన గిరిరాజాయు పరిచయమే. ఇవి మంచి రకములు. అయినను వీనితో మూడు చిక్కులు కలవు. ఇవి సాధారణముగా పొదుగుకు కూర్చుండవు. బరువైనవి గనుక గద్దనుగాని కుక్కనుగాని చూచి నాటుకోడి వలె ఎగిరి గోడ ఎక్కలేవు. ఇక మూడవది, వీని గ్రుడ్లను నాటుపెట్ట క్రింద పెట్టి పిల్లలను తీసినచో అవి తల్లిదండ్రుల వలె ఒకే తీరున రావు; ఒకటి ఎక్కువ పెట్టును, ఒకటి తక్కువ. కావున పాతకోళ్ళు పోయినప్పుడు పిల్లలను మరల బయటినుండియే తెచ్చుకొనవలెను.

నా అభిప్రాయమున, పది కోళ్ళున్న యింట ఆరు మేలురకము పెట్టలును, పొదుగుటకు, పిల్లలను సాకుటకు మూడు నాటుపెట్టలును, ఒక పుంజును ఉంచుకొనుట మేలు. నాటుకోళ్ళను పూర్తిగా పోగొట్టుకొనుట తెలివి కాదు. పుంగనూరు పొట్టి ఆవును ఒకప్పుడు పాలు తక్కువని చిన్నచూపు చూచితిమి. నేడు అదే ఆవు కొరకు దేశమంతయు వెదకుచున్నారు.

గూడు

మన ప్రాంతమున రాతికి కొదువ లేదు. బండలు నిలువబెట్టి, పైన ఒక బండ పరచి, కోళ్ళగూడు అనెదరు. కుక్కలనుండి ముంగిసలనుండి ఇది కోళ్ళను కాపాడును, నిజమే. కాని ఎండాకాలమున రాయి రాత్రియంతయు వేడి క్రక్కును, మార్గశిర పుష్యములలో మంచువలె చల్లబడును. అంతకంటె చెడ్డది ఆ బండల సందులలో చేరు గోమార్లు. ఇవి పగలంతయు సందులలో దాగి, రాత్రి వచ్చి కోడి రక్తము పీల్చి, తెల్లవారకమునుపే మరల దాగును. అందుచేత పగటిపూట కోడిని పట్టి చూచినచో ఏమియు కనబడదు. పెట్ట పాలిపోవును, గ్రుడ్లు మానును, ఒకనాడు గూటిలోనే చచ్చి పడియుండును. గూడును నెలల తరబడి ఖాళీగా వదలినను ఇవి ఆకలితో చావవు. రాతిగూడు ఉన్నవారు సందులను సున్నముతో గాని సిమెంటుతో గాని పూడ్చి, ఏడాదికి రెండుసార్లు లోపల మరుగునీరు పోసి, వెల్ల వేయవలెను.

క్రొత్తగా కట్టువారు చెక్కలతోను వెదురుతోను కట్టుకొనుట మంచిది. పది పండ్రెండు కోళ్ళకు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు చాలును. నేలనుండి అడుగున్నర రెండడుగుల ఎత్తున కాళ్ళమీద నిలుపవలెను. అడుగున వెదురుబద్దలను వ్రేలెడు సందుతో పరచినచో రెట్ట క్రిందికి జారిపోవును. వాకిలి తూర్పునకు ఉంచి, లోపల ఒక దండెము కట్టవలెను. కోడి నేలమీద పండుకొనుటకంటె దండెముపై కూర్చుండుటకే ఇష్టపడును.

పిల్లలు

పదిపిల్లలు దిగిన యింట రెండు నెలలకు అయిదు మిగిలినచో అదృష్టమని మనవారు అనుకొందురు. ఈ నష్టమును మనము నష్టముగా లెక్కింపకపోవుటయే పెద్ద తప్పు. గద్ద ఎత్తుకొనిపోయినది, పిల్లి తిన్నది, చలికి పోయినవి అని ఊరకుందుము.

గ్రుడ్ల దగ్గరనుండియే జాగ్రత్త అవసరము. పొదుగుకు పెట్టు గ్రుడ్లు వారము దినములకు మించి నిలువ ఉన్నవి కారాదు. సన్నని కొన క్రిందికి ఉండునట్లు, ఇసుకగాని తవుడుగాని పోసిన గంపలో చల్లని చోట ఉంచవలెను. ఒక పెట్ట క్రింద పది పండ్రెండు చాలును. పదునైదు పెట్టినచో అంచున ఉన్నవి చల్లబడి, వంతులవారీగా అన్నియు చెడును. ఏడవనాటి రాత్రి ఒక్కొక్క గ్రుడ్డును టార్చిలైటు ముందు పట్టి చూడుడు. సాలెపురుగు వలె ఎర్రని నరములు కనబడినచో పిల్ల కట్టినది. తేటగా ఉన్నదానిని తీసివేయుడు.

తల్లి లేని పిల్లలను, అనగా ఒకనాటి వయస్సు పిల్లలను కొని తెచ్చినవారు, మొదటి నెలంతయు తామే తల్లి కావలెను. మదనపల్లె, పుంగనూరు, కుప్పము రెండువేల అడుగులకు పైబడిన ఎత్తున ఉన్నవి. ఆరోగ్యవరములో క్షయ వైద్యశాలకు మేలైన ఈ చల్లని పొడిగాలియే కోడిపిల్లకు శత్రువు. మొదటి వారము పిల్లలున్నచోట 95 డిగ్రీల ఫారన్‌హీటు వేడి ఉండవలెను. తరువాత వారమునకు ఐదు డిగ్రీల చొప్పున తగ్గింపవచ్చును. ఏబది పిల్లలకు నూరు వాట్ల బల్బు ఒకటి, చుట్టును అడుగున్నర ఎత్తు తడిక, క్రింద పొడి వేరుసెనగ పొట్టుగాని వరిపొట్టుగాని చాలును. కొలిచెడి సాధనము లేకున్నను పిల్లలే చెప్పును. దీపము క్రింద ఒకదానిపై ఒకటి ఎక్కి గుంపుగా ఉన్నచో చలి. తడికకు అంటుకొని నోరు తెరచుచున్నచో వేడి. అంతటను చల్లినట్లు పండుకొని ఉన్నచో సరిగా ఉన్నది. కరెంటు పోవు రాత్రులకు కుంపటిలో బొగ్గులు సిద్ధముగా ఉంచుకొనుడు. అయితే గది పూర్తిగా మూయరాదు, పొగకు పిల్లలు చచ్చును. మనుష్యులకును ప్రమాదమే.

మేత

పెరటికోడి దిబ్బలను గీకి, పురుగును గింజను ఏరుకొని బ్రతుకును. కాని ఒక పెరటిలో ఏరుకొనదగినది కొంతయే ఉండును. పది కోళ్ళకు సరిపోవు చోట ముప్పది ఉంచినచో ముప్పదియు అర్ధాకలితో ఉండి ఒక్కటియు సరిగా పెట్టదు. ఊరిలో వేరుసెనగ నూర్చునప్పుడు కోళ్ళు బలిసి, ఎండాకాలమున చిక్కిపోవుట దీనివలననే.

గ్రుడ్లుపెట్టు పెట్టకు తిరిగి తిన్నది కాక దినమునకు ముప్పది, నలువది గ్రాముల దాణా అవసరము. మనవారు రాగులు వేయుదురు. రాగిలో సున్నపుధాతువు అధికమని విని, గ్రుడ్డు పెంకునకు అది చాలుననుకొనువారు కలరు. లెక్క చూడుడు. నలువది గ్రాముల రాగులలో ఉన్న సున్నపుధాతువు 140 మిల్లీగ్రాములకు మించదు. ఒక గ్రుడ్డు పెంకులో సుమారు 2 గ్రాములు, అనగా 2000 మిల్లీగ్రాములు ఉండును. మిగిలినది పెట్ట తన యెముకలనుండి తీసి పెట్టును, కొన్నాళ్ళకు పెట్టుట మానును, లేదా తోలుగ్రుడ్డు పెట్టును. కావున నత్తగుల్లల పొడిగాని, గ్రుడ్డు పెంకులను దోరగా వేయించి నలిపిన పొడిగాని వేరొక చిప్పలో ఎల్లప్పుడును ఉంచవలెను. పెంకులను నలుపక అట్లే వేసినచో కోడి గ్రుడ్డు రుచి మరిగి తన గ్రుడ్డునే పొడుచుకొని తినును. ఆ అలవాటు మాన్పుట మహా కష్టము.

ఇంటిలో కలుపుకొనదగిన పది కిలోల దాణా ఇట్లుండవచ్చును: రాగులుగాని జొన్ననూకగాని ఐదు కిలోలు, వరితవుడు రెండున్నర, వేరుసెనగ చెక్క ఒకటిన్నర, పట్టుపురుగు ప్యూపా పొడి అర, గుల్లపొడి అర, ఒక చిటికెడు ఉప్పు.

ఈ ప్యూపా విషయము కొంచెము చెప్పవలెను. మన ప్రాంతమున పట్టుగూళ్ళనుండి దారము తీయు చోట ప్యూపాలు మిగులును. వీనిలో మాంసకృత్తులు అధికము, చేపపొడి కొననక్కరలేదు. అయితే నూనె ఎక్కువగుటచే ఒక దినము తడిగా ఉన్నచో క్రుళ్ళి కంపు కొట్టును. తెచ్చిననాడే ఎండలో పరచి, గలగలలాడునట్లు ఎండబెట్టి, దంచి ఉంచుకొనవలెను. పైన చెప్పిన పాలు మించినచో గ్రుడ్లకును మాంసమునకును వాసన పట్టును. మల్బరీ రైతులకు ఒక హెచ్చరిక: పాలుకారు రోగముతోనో సున్నపుకట్టు రోగముతోనో చచ్చిన పట్టుపురుగులను ఏరి కోళ్ళకు వేయుట అలవాటుగా చూచుచున్నాను. కోడికి ఏమియు కాకపోవచ్చును. కాని ఆ రోగబీజము కోడి కడుపులో చావక రెట్టతో బయటపడి, తోటలో పడి, తరువాతి పంట పురుగులకు చేరును. ఆ పురుగులను సున్నము చల్లి గోతిలో పూడ్చుటయే దారి.

బూజు పట్టిన వేరుసెనగను, తాలుకాయలను "మనకు పనికిరాదు, కోళ్ళకు వేయుము" అనుట మరియొక అలవాటు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్ళు కారణము తెలియక చచ్చినవి. తుదకు విచారింపగా వానికి పెట్టిన వేరుసెనగ చెక్కలో బూజు ఉన్నదనియు, ఆ బూజు పుట్టించు విషమే వానిని చంపినదనియు తేలినది. ఆఫ్లటాక్సిన్ అని నేడు మనము వినుచున్న విషము లోకమునకు తెలిసినది ఆ కోళ్ళ చావువలననే. కోడిపిల్లలును దీనికి తట్టుకొనలేవు. అట్లే మందు పట్టించిన విత్తనము మిగిలినచో పెరటిలో పారవేయరాదు. టమాటకు మందు కొట్టిన దినమున కోళ్ళను తోటలోనికి విడువరాదు.

చెదలను మేపుట తెలిసినవారికి తెలియును. పాతకుండలో పేడ, తడిపిన గోనెముక్క, చొప్ప కుక్కి, చెదలున్న చోట బోర్లించి ఉంచినచో తెల్లవారుసరికి చెదలు నిండును. పిల్లలకు ఇంతకంటె మంచి మేత లేదు. ఆఫ్రికాలో టోగో, బుర్కినా ఫాసో రైతులును ఇట్లే చేయుదురు. మనమును వారును ఒకరినుండి ఒకరము నేర్చినది కాదు.

గూటి క్రింది ఎరువు

కోళ్ళ ఎరువులో నత్రజని నూటికి మూడు పాళ్ళు, భాస్వరము రెండున్నర, పొటాషు ఒకటిన్నరకు దగ్గరగా ఉండును. పశువుల ఎరువుకంటె ఎంతో బలమైనది. అందుచేతనే పచ్చిది మొక్క మొదటిలో వేసినచో మాడ్చును. దిబ్బలో కలిపి మాగిన పిమ్మట టమాటకు వేయుడు.

ప్రతిదినము చూడవలసినది

గంప ఎత్తునప్పుడు రెండు నిమిషములు నిలిచి చూడుడు. ఆరోగ్యముగల కోడి ముందుకు దూకును. చివరకు మిగిలినది, రెక్కలు వ్రేలవేసినది, మెడ ముడుచుకొని నిలిచినది రోగముది. దానిని వెంటనే పట్టి వేరొక గంప క్రింద వేయుడు. గూటిలో రెట్ట చూడుడు: గట్టిగా, పైన తెల్లని పొర ఉన్నచో మంచిది, పచ్చగా నీళ్ళవలె ఉన్నచో, పిల్లలలో రక్తము కలిసినచో ఆలస్యము చేయరాదు. నీళ్ళచిప్పను పీచుతో రుద్ది కడిగి నింపవలెను. నిన్నటి నీళ్ళపై నేటి నీళ్ళు పోయుట కడుగుట కాదు. పెరటి ఒక మూల పొడిమట్టి, బూడిద కలిపి గుంత చేసినచో కోళ్ళు వానిలో పొరలి పేలు దులుపుకొనును. రెండు మూడు నెలలకొకసారి నట్టలమందు త్రాపింపవలెను. సాయంకాలము మూయునప్పుడు లెక్క పెట్టవలెను.

కొక్కెర తెగులు

పైన చెప్పినదంతయు చక్కగా చేసి, ఈ ఒక్కటి విడిచినచో మిగిలినదంతయు వ్యర్థము. 1926లో ఇంగ్లండులో న్యూకాజిల్ ఊరివద్ద కనబడుటచే పాశ్చాత్యులు దీనికి ఆ యూరిపేరు పెట్టిరి. మరుసటి యేట మన దేశమున రాణిఖేత్‌లో గుర్తింపబడుటచే మనవారు రాణిఖేత్ రోగమనిరి. మన పల్లెలలో కొక్కెర. కోడి నోరు తెరచి గురక పెట్టును, ఆకుపచ్చని నీళ్ళు పారును, మెడ మెలిదిరుగును, నాలుగైదు దినములలో ఊరిలో సగము గంపలు ఖాళీ యగును. వచ్చిన పిమ్మట దీనికి మందు లేదు. వెల్లుల్లి, మిరియాలు నూరి గొంతులో పోయుట తల్లి మనస్సు. దానివలన కొక్కెర ఆగదు.

ముందుగా టీకా వేయించుట ఒక్కటే మార్గము. మొదటి వారమున, ఐదవ ఏడవ దినముల నడుమ, ఎఫ్ రకముగాని లసోటాగాని కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క. నాలుగవ వారమున మరల లసోటా. ఎనిమిది వారములు నిండిన పిమ్మట ఆర్‌.2బి. రకము రెక్క క్రింద సూది. ఈ సూది చిన్నపిల్లలకు వేయరాదు, చచ్చును. సూదికి వారము ముందు నట్టలమందు పట్టించుట మంచిది. పెద్దకోళ్ళకు ఏటేట, ఎండలు ముదరకమునుపు, ఫిబ్రవరిలో వేయింపవలెను. ఈ టీకాలో ఉన్నది ప్రాణముగల సూక్ష్మజీవి. వేడి తగిలినచో అది చచ్చును, సీసాలో మిగులునది వట్టి పొడి.

ఇది నేను పుస్తకములో చదివియు, అనుభవించి తెలిసికొన్నది. నేను పై చదువు చదువుచున్న రోజులలో ఒక ఏప్రిల్ నెలలో మదనపల్లెలో టీకా సీసా కొని, చొక్కాజేబులో వేసికొని బస్సెక్కితిని. ఐసు పెట్టించుకొనుటకు ఫ్లాస్కు లేదు. గంట ప్రయాణమే కదా అనుకొంటిని. బస్సు దారిలో ఆగినది, ఊరు చేరుసరికి మధ్యాహ్నమైనది. మా అమ్మ కోళ్ళు ఇరువది మూడింటికిని నా చేతులతో సూది వేసితిని. మూడు వారములకు కొక్కెర వచ్చి రెండు మిగిలినవి. "సూదేస్తివి గదా నాయనా, అయినా ఇట్లయిపోయె" అని మాత్రము అమ్మ అన్నది. సూది పనిచేయదని మా వీధివారందరును నిశ్చయించుకొనిరి. వారిలో ఒకామె ఆ తరువాత నాలుగేండ్లు తన కోళ్ళను పట్టనీయలేదు. చచ్చిన ఇరువదియొక్క కోళ్ళకంటె ఈ నష్టము పెద్దది; అది నా జేబునుండి వచ్చినది.

ఆస్ట్రేలియాలో రూపొందిన ఐ-2 అను టీకా కొంత వేడికి తట్టుకొనును; మొజాంబిక్, టాంజానియా పల్లెలలో రైతులే దానిని కంటిచుక్కగా వేయుచున్నారు. మన దుకాణములలో సాధారణముగా దొరకువానికి ఐసు తప్పదు. కొనునప్పుడే ఫ్లాస్కునిండ ఐసుముక్కలతో పోవలెను. దుకాణమువాడు సీసాను ఫ్రిజ్జునుండి తీసెనో బల్లమీదనుండి తీసెనో చూడవలెను. కలిపిన మందును రెండు గంటలలో ముగింపవలెను. ఉదయము చల్లని వేళ, కోళ్ళను గంప ఎత్తకమునుపే పని పట్టవలెను.

తెగులు వచ్చియే పడినచో మనవారు మొదట చేయు పని, ఇంకను నిలిచియున్న కోళ్ళను బుట్టలో వేసికొని సంతకు పరుగెత్తుట. నాలుగు డబ్బులైనను దక్కునని ఆశ. సంతలో కొన్నవాడు దానిని ఇంకొక ఊరికి కొనిపోవును, కొక్కెర ఇట్లే ఊరూరు తిరుగును. సంతనుండి తెచ్చిన కోడిని రెండు వారములు వేరుగా ఉంచి తరువాతనే మందలో కలుపవలెను. చచ్చినవానిని వంకలో పారవేయక లోతుగా గోయి తీసి సున్నము వేసి పూడ్చుడు. ఒకేసారి చాల కోళ్ళు చచ్చినచో కొక్కెరయే అని మీరే నిర్ణయింపక పశువైద్యశాలకు కబురు పంపుడు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో కోళ్ళను చంపిన బర్డ్‌ఫ్లూయు చూచుటకు కొక్కెర వలెనే యుండును. అది మనుష్యులకును సోకగలదు గనుక అట్టి కోళ్ళను వట్టి చేతులతో ముట్టరాదు, కోసి తినరాదు.

ఇక సీసా సంగతి. టీకా నూరు కోళ్ళకు సరిపోవు సీసాలలో వచ్చుచుండును. ఒక యింట ఉన్నవి పది. పదింటికొరకు నూరింటి మందు ఎవరు కొందురు? మన పల్లెలలో టీకా సాగకపోవుటకు సగము కారణమిదియే. మా వీధిలో ఇప్పుడు పండ్రెండిండ్ల ఆడవారు కలిసి, తలకింత అని వేసికొని, ఫిబ్రవరిలో ఒక ఆదివారము తెల్లవారకముందే పని పెట్టుకొందురు. ఒకరు ఫ్లాస్కు తెత్తురు, ఒకరు గంపలు ఎత్తుదురు, సూది వేయుటకు పశువైద్యశాలనుండి ఒకరు వత్తురు. నాలుగేండ్లు పట్టనీయని ఆమె కోళ్ళు ఈసారి పదునొకండు వచ్చినవి. మొత్తము ఎనుబది ఏడు కోళ్ళకు సూది వేసి, మిగిలిన మందును నీళ్ళలో మరిగించి పారబోసితిమి.